మాస్టారి ఉదాహరణలు

మాస్టారు బడిలో ముప్పై ఏళ్ళు వ్యాకరణం చెప్పారు. ఉపమ, రూపకం, ఉత్ప్రేక్ష, అతిశయోక్తి అన్నీ ఆయనకు కొట్టిన పిండి. ఇంట్లో మాత్రం పొడి మాటల మనిషి. భార్య వీధి గదిలో మిషన్ పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. ఎప్పుడైనా కొత్త బట్టలు కట్టుకుని "ఎలా ఉన్నానండీ?" అని అడిగితే, "బాగానే ఉన్నావు" అనేవారు. అంతకు మించి ఒక్క ముక్క రాలేది కాదు.

ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆయన పిల్లల కోసం అలంకారాల మీద ఒక పుస్తకం రాశారు. దాన్ని అచ్చుకు ఇవ్వబోతుండగా పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. మాటల్లో "ఆ", "అది", "లాగా" మాత్రమే మిగిలాయి.

మాటలు నేర్పడానికి ఆసుపత్రి నుంచి ఒక అమ్మాయి వచ్చేది. "ఆయనకి బాగా తెలిసిందేదైనా చదివి వినిపించండి పిన్నిగారూ. ఒక్కోసారి విన్న మాట నోటికొస్తుంది" అంది.

ఆవిడ పెద్దగా చదువుకోలేదు. మర్నాడు పొద్దున ఆయన రాసిన కాగితాలు తెచ్చి, మంచం పక్కన కూర్చుని కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది.

"ఉపమ. ఉదాహరణ: ఆమె కోపం సూదిలాగా గుచ్చుతుంది, సూదిలాగే చిరుగునూ కలుపుతుంది."

ఆవిడ ఆయన వైపు ఒకసారి చూసి, పేజీ తిప్పింది.

"ఉత్ప్రేక్ష. ఉదాహరణ: దీపం కింద ఆమె వంగి కుడుతుంటే, ఆ వెలుగునే దారంగా ఎక్కిస్తోందా అన్నట్టుంది. అతిశయోక్తి. ఉదాహరణ: ఆమె పుట్టింటికి వెళ్ళిన నాలుగు రోజుల్లో నాకు నాలుగేళ్ళు పైబడ్డాయి."

కాగితాలు ఒళ్ళో పెట్టుకుంది. "ఇదంతా నేనేనా?"

ఆయన కళ్ళు నిండాయి. "లాగా" అన్నారు.

"లాగా కాదండీ. అవునో కాదో చెప్పండి."

పెదాలు కదిపారు. ఎంత పెనుగులాడినా "లాగా... లాగా..." అనే వచ్చింది.

"నోరున్నన్నాళ్ళూ దాచుకున్నారు. చెబితే ముత్యాలు రాలిపోతాయనుకున్నారా?" అంది ఆవిడ. అన్న మరుక్షణమే నాలుక కరుచుకుని, ఆయన గడ్డం తుడిచి, అదే పేజీ మళ్ళీ చదివింది. అలా పది రోజులు చదివింది. పదకొండో రోజు రెండోసారి పక్షవాతం వచ్చి ఆయన పోయారు.

ఆయన కోరిక కదా అని కాగితాలన్నీ ప్రచురణ సంస్థకు ఇచ్చింది. ఆరు నెలలకు పుస్తకం వచ్చింది. అందులో చంద్రుడిలాంటి ముఖం ఉంది, కలువల్లాంటి కళ్ళున్నాయి. సూది లేదు, పుట్టిల్లు లేదు. చివరి పేజీ దాకా రెండుసార్లు వెతికి, వాళ్ళ ఆఫీసుకు వెళ్ళింది.

"ఇంటి మాటలు పిల్లలకెందుకమ్మా? పరీక్షల్లో వచ్చేవి పెట్టాం" అన్నాడు సంపాదకుడు, కుర్చీ జరిపి ఇస్తూ.

"పోనీలెండి. ఆ కాగితాలిచ్చేయండి."

"అచ్చయ్యాక ఉంచమమ్మా. ఎవరూ అడగరు కూడా."

ఆవిడ ఇంటికొచ్చి, కొలతలు రాసుకునే పుస్తకంలో గుర్తున్నవి రాసుకుంది. సూది వాక్యం పూర్తిగా వచ్చింది. పుట్టింటిదీ వచ్చింది. దీపం వాక్యం "వంగి కుడుతుంటే" దగ్గర ఆగిపోయింది. చీకటి పడేదాకా కూర్చున్నా మిగతాది గుర్తు రాలేదు. తోచిన మాటేదో పెట్టి పూర్తి చేయొచ్చు. కానీ అది ఆయన మాట కాదు. ఆ సగం అలాగే ఖాళీగా వదిలేసింది.