మూడో వరుస

మూడు వందల రెండో నెంబరు ఫ్లాట్‌లో రెండు ఇళ్లున్నాయి. ఒకటి తెరుచుకుంటే రెండోది ఉండదు.

విడాకులప్పుడు ఆ ఫ్లాటును భార్యాభర్తలకి చెరిసగం పంచమన్నారు. రెండు గదులు, ఒకే వంటగది. ఎలా పంచాలో వకీళ్లకి పాలుపోలేదు. కాకినాడలో పాతికేళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్న భర్త గోవర్ధన్‌కి మాత్రం అదొక లెక్క కాదు. ఒకే హార్డ్‌డిస్కులో విండోస్‌నీ లినక్స్‌నీ పక్కపక్కన పెట్టడం అతనికి కొట్టిన పిండి. ఫ్లాటును కూడా అలాగే విభజించి, రెంటిలో ఏది తెరవాలో అడిగే బూట్ లోడర్‌ని గుమ్మానికి బిగించాడు. అందులో సగం తెలివి కాపురం చేసేటప్పుడు చూపిస్తే బాగుండేది.

గుమ్మం పక్కన నల్లటి పలక మీద రెండు తెల్లటి వరుసలు వెలుగుతాయి. పైన గోవర్ధన్, కింద హైమవతి. పది నుంచి అంకెలు దిగుతుంటాయి. సున్నా వచ్చేలోగా బాణం నొక్కి కింది వరుసకి వెళ్లకపోతే పై ఇల్లే తెరుచుకుంటుంది. పైన ఎవరి పేరుండాలో హైమని అడగాలని అతనికి తోచలేదు.

రోజూ నాలుగున్నరకి స్కూలు బ్యాగుతో ఆ అంకెల ముందు నిలబడేది వాళ్ల కూతురు మేఖల. తొమ్మిదేళ్ల పిల్ల.

హైమ ఇల్లు తెరిచి ఉన్నంతసేపూ గోవర్ధన్ ఎక్కడా ఉండడు. అతనికి సోమవారం తర్వాత బుధవారం వస్తుంది. పోనుపోను సోమవారం తర్వాత శనివారం వస్తోంది. కూతురు ఎవరిని ఎంచుకుంటోందో క్యాలెండరు చెబుతుంది.

రెండు ఇళ్లకీ ఉమ్మడిగా సామాన్ల గది ఒక్కటే ఉంది. అందులో బియ్యం డబ్బా మీద హైమ చీటీలు పెడుతుంది. ‘పాపకి జలుబు. చన్నీళ్లు పొయ్యకు.’ అతను జవాబు రాయడు.

ఒక శుక్రవారం బూట్ లోడర్ సెట్టింగులు తెరిచి, పది చెరిపి సున్నా పెడతాడు. ఆ రోజు నుంచి పలక వెలగదు. తలుపు తోస్తే అతని ఇల్లే.

"నాన్నా, తలుపు అడగట్లేదేంటి?"

"పాడైపోయిందమ్మా. బాగుచేయించాలి."

"బాగుచేసేది నువ్వే కదా."

అతను తుడిచిన పొయ్యినే మళ్లీ తుడుస్తాడు.

ఇప్పుడు అతనికి రోజులు ఒక్కటీ తప్పకుండా వస్తున్నాయి. కానీ మేఖల తల దువ్వనివ్వదు.

"అమ్మ వేసిన జడలు. అమ్మే విప్పాలి."

రిబ్బన్లు మాసిపోతాయి. పిల్ల సామాన్ల గదిలో కూర్చుని ఆఖరి చీటీని రోజూ కొత్తగా వచ్చినట్టు చదువుకుంటుంది. పదకొండో రోజు జడలో చీమ పాకుతుంటే చూసి గోవర్ధన్‌కి తన మీద తనకే అసహ్యం వేస్తుంది. సున్నా తీసి పది పెడతాడు. కూతురి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చి తలుపు మూస్తాడు.

పలక వెలుగుతుంది. దాని మీద మూడు వరుసలున్నాయి. మూడోది మేఖల.

"ఇదెప్పుడు పెట్టావే?"

"నువ్వు కూర తరుగుతున్నప్పుడు. నీ పాస్‌వర్డ్ నా పేరే కదా నాన్నా."

"చోటెక్కడిది?"

"సామాన్ల గది తీసుకున్నా."

"అందులో ఎవరుంటారు?"

"నేను."

"మరి మేము?"

"పలక మీద ఉంటారు," అంటుంది మేఖల. లెక్క సరిచూసుకున్న పిల్లలా తల ఊపుతుంది.

ఏడు. ఆరు. చేతిలోంచి పిల్ల చెయ్యి జారిపోతుంది. చూసుకుంటే గోవర్ధన్‌కి చెయ్యి లేదు. నల్లటి పలక మీద తెల్లగా, సన్నగా, అడ్డంగా పడుకుని ఉన్నాడు. అతని కిందే హైమ ఉంది. విడిపోయాక ఇద్దరూ ఒకేసారి ఉండటం ఇదే మొదలు.

"పాపకి చన్నీళ్లు పోశావా?" అంటుంది హైమ.

పొయ్యలేదని చెప్పాలనుకుంటాడు. తప్పు చేశానని కూడా చెప్పాలనుకుంటాడు. ఆ వరుసలో అతని పేరుకి మించి ఒక్క అక్షరానికీ చోటు లేదు.

మేఖల మునివేళ్ల మీద లేచి బాణం నొక్కుతుంది. వెలుగు అతని మీద నుంచి దిగి హైమ మీదికి వెళ్తుంది. అక్కడా ఆగదు.

తలుపు తెరుచుకుంటుంది. పిల్ల రిబ్బన్లు పంటితో పట్టి లాగి, జడలు తనే విప్పుకుంటూ లోపలికి వెళ్తుంది.