నకలు తుపాకీకి కొబ్బరినూనె

నేను ఒక నకలు తుపాకీని. ముందే చెప్పేస్తే మీకూ నాకూ మొహమాటం ఉండదు. ఇటలీలో పేరుమోసిన తుపాకీ ఒకటుంది. కొలతలు, ఒంపులు, చెక్క మీది గీతలతో సహా దాన్ని చూసి, టర్కీలో ఒక కొండ ఊరి కార్ఖానాలో నన్ను దించేశారు. దాని ధరలో నాలుగో వంతుకే నేను వస్తాను. మిగిలిన మూడు వంతులూ పేరుకట. ఆ పేరు ఒక్క అడవి పందినైనా కొట్టిందని నేనెప్పుడూ వినలేదు.

సముద్రం దాటి వచ్చిన నాడు నా వెంట ఉన్న కాగితాలు నాకంటే ఎక్కువ తూగాయి. నన్ను తెప్పించుకున్నది హైదరాబాదులో ఒక పెద్దమనిషి. గాలిలోకి ఎగరేసిన మట్టి బిళ్లల్ని కాల్చడం ఆయన సరదా. బిళ్ల పగిలితే ఆయన గురి గొప్పది, పగలకపోతే టర్కీ సరుకు ఇంతే. చివరికి నన్ను వదిలించుకుని ఇటలీది కొన్నాడు. బిళ్లలు మాత్రం మునుపటిలాగే క్షేమంగా నేల దిగుతున్నాయని విన్నాను.

ఆ తర్వాత నన్ను కొన్నవాడు అచ్చంపేట వైపు మక్కలు, అంటే మొక్కజొన్న, పండించే రైతు జంగారెడ్డి. ఆయన చేను నల్లమల అంచున ఉంది. కంకి పాలు పోసుకునే వేళకు అడవి పందులు మందలుగా దిగుతాయి. తినేది కొంత, తొక్కేది అంతా. అంతకు ముందు ఏడు చేనంతా నేలమట్టం చేశాయి. ఈసారీ పోతే భూమి కౌలుకిచ్చి సేద్యం మానేద్దామని ఆయనా, భార్య సులోచనా అనుకున్నారు. పందుల్ని కాల్చడానికి అనుమతి తెచ్చుకుని, తుపాకీ కోసం వెతికాడు.

కొనే ముందు ఆయన అడగనివాడు లేడు. ఫోనులో వీడియోలు చూశాడు. తలకు టోపీ, కళ్లకు నల్లద్దాలు పెట్టుకున్న కుర్రవాడొకడు నా గుణగణాల మీద గంటసేపు మాట్లాడి, చివర్లో కొనొచ్చు, కొనకపోవచ్చు అని తేల్చాడు. సులోచన అన్న విఠల్‌రెడ్డి దగ్గర అసలు ఇటలీదే ఉంది. మఖమలు గుడ్డలో చుట్టి బీరువాలో దాచుకున్నాడు.

"నకలుది కొనకు బావా. అక్కెర పడ్డనాడు పేలదు, నా మాటిను" అన్నాడు విఠల్‌రెడ్డి.

"మరి నీది ఎన్నిపార్లు పేలింది?"

"దాన్ని పేల్చుడెందుకు? పాడైపోదా!"

ఇంతమందిలో ఒక్కరూ నన్ను శుభ్రం చేయడమెలాగో చెప్పలేదు. నాతో వచ్చిన పుస్తకాన్ని సులోచన డబ్బాల కింద పరిచింది. దసరా నాడు కొడవళ్లు, గడ్డపార, మందు కొట్టే పంపు వరసలో నన్నూ కూర్చోబెట్టి బొట్టు పెట్టింది. ఇనుమన్నాక నూనె తాగాలి అంటూ తన తలకు రాసుకునే కొబ్బరినూనె తెచ్చి నాకు పూసింది. కనబడ్డ ప్రతి సందులోనూ పోసింది. తుపాకీ ఒంటికి అది కీడే. అయినా నిజం చెప్పాలి, నాకు హాయిగా ఉండింది. అంత ప్రేమగా నన్ను అప్పటిదాకా ఎవరూ ముట్టుకోలేదు.

అలాగని ఆమెకు నా మీద నమ్మకమేమీ లేదు. ఆమె నమ్మకమంతా మంగలి దుకాణంలో ఊడ్చిన వెంట్రుకల మీద. వాటిని చేని గెట్ల పొడుగునా చల్లితే, వాసన చూసే పంది ముక్కులోకి పోయి అది వెనక్కి తిరుగుతుందట. సంచి తెప్పిస్తానంటే జంగారెడ్డికి రోషం వచ్చింది.

"ఇంత పెట్టి తుపాకి తెస్తే, ఎంటికలు సల్లుతవా? ఊరోళ్లు నవ్వరా?"

"నవ్వనీ. మక్కలు మిగులుతయి గద!"

ఆయన వద్దన్నాడు. ఆమె సరేనంది. ఆడవాళ్లు సరే అనగానే నమ్మే అమాయకత్వం మగవాళ్లకు ఏ దేశపు కార్ఖానాలో పోస్తారో నాకు తెలియదు.

పుష్యమాసపు చలి. తెల్లవారుతోంది, చేనంతా మంచు. జంగారెడ్డి మంచె మీద నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. గెట్టు పక్కన మక్కలు కదిలాయి. నల్లగా, వంగి, మెల్లగా ముందుకు జరుగుతోంది ఒక వీపు. ఆయన ఊపిరి బిగబట్టి గురి చూశాడు. బిళ్లల పెద్దమనిషికి ఏనాడూ కుదరని గురి ఆయనకు ఆ పొద్దున కుదిరింది. మీట నొక్కాడు.

టిక్కుమన్నాను, అంతే. చలికి సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టినట్టే నా పొట్టలోనూ గడ్డకట్టింది. లోపలి సూది దెబ్బ మెత్తగా పడి తూటా పేలలేదు.

"థూ, దొంగ మాలు!" అని ఆయన మళ్లీ నొక్కాడు. నేను మళ్లీ టిక్కుమన్నాను.

ఆ వీపు నిటారుగా లేచింది. నల్ల గొంగడిలోంచి ఒక కొప్పు, ఒక చెయ్యి, చేతిలో వెంట్రుకల సంచి కనబడ్డాయి.

"ఎవరది? నువ్వేనా?" అంది సులోచన.

జంగారెడ్డి మంచె ఎలా దిగాడో ఆయనకే తెలియదు. గెట్టు మీద కూలబడ్డాడు. తిట్లు పడతాయనుకుంటూ ఆమె దగ్గరికొచ్చి, ఆయన ముఖం చూసి ఆగిపోయింది.

"ఏందయ్యా, గట్ల వణుకుతున్నవ్? సలి పెట్టిందా?" అని తన గొంగడి తీసి ఆయనకు కప్పింది.

ఆయన లేచి, ఆమె చేతిలో సంచి అందుకుని మిగిలిన గెట్టంతా తానే వెంట్రుకలు చల్లాడు. ఊళ్లోవాళ్లు నవ్వారు. ఆ ఏడు మక్కలు ఇల్లు చేరాయి.

తుపాకీ పేలలేదన్న సంగతి మాత్రం ఆయన ఊళ్లో చెప్పాడు. దేని మీద పేలలేదో చెప్పలేదు. విఠల్‌రెడ్డి పనిగట్టుకుని పరామర్శకు వచ్చాడు.

"చెప్పిన్నా లేదా బావా! అదే నాదైతేనా, ఒక్క దెబ్బ!"

జంగారెడ్డి చాయ్ గ్లాసు కింద పెట్టాడు. లోపల సులోచన పొయ్యి దగ్గర ఏదో పాడుకుంటోంది.

"అవు బావా. నీదైతే పేలుతుండె" అన్నాడు, అంతే.

తర్వాత ఎన్నికలొచ్చాయి. ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషన్లో అప్పగించాలి. జంగారెడ్డి నన్ను అప్పగిస్తూ, నాతోపాటు ఒక కొబ్బరినూనె సీసా కూడా బల్ల మీద పెట్టాడు.

"సార్, జర అప్పుడప్పుడు ఇది రాయుర్రి దానికి."

కానిస్టేబుల్ పకపకా నవ్వాడు. "కొబ్బరినూనె రాస్తే ఇగ పేలదు గద పటేలా!"

"అందుకే సార్" అన్నాడు జంగారెడ్డి.

ఎన్నికలు అయిపోయాయి. విఠల్‌రెడ్డి వచ్చి తన మఖమలు మూటను తీసుకుపోయాడు. నా కోసం ఎవరూ రాలేదు. కొబ్బరినూనెలో సగం ఇప్పటికే ఖర్చయింది, కానిస్టేబుల్ జుట్టు నిగనిగలాడుతోంది. నా మీద ఒక్క చుక్కా పడలేదు. మళ్లీ పేలతానేమోనని నాకు భయంగా ఉంది.