వదిన అవతలికి పంపిన పుస్తకం

మా అన్నయ్య ఆంగెల్ పోయిన ఈ నాలుగేళ్ళలో మా వదిన సెవస్తీత్స పందొమ్మిది పుస్తకాలు చదివింది. పందొమ్మిదీ చావు గురించే. మనుషులు ఎలా పోతారు, మిగిలినవాళ్ళు ఎలా ఏడుస్తారు, ఎన్నాళ్ళకి తేరుకుంటారు, ఇవే. క్రయోవా పట్నం వెళ్ళినప్పుడల్లా ఒకటి సంచీలో వేసుకొచ్చేది.

"కోరి కొరివితో తల గోక్కుంటావెందుకు వదినా?" అని దెప్పేదాన్ని.

"చదివితే చచ్చేటట్టయితే, వంటల పుస్తకం చదివినవాళ్ళకి కడుపు నిండాలిగా!" అనేది.

ఈ మే నెలలో ఆవిడ తన పేరున తనే దానం పెట్టుకుంది. మా ఒల్తేనియా ప్రాంతంలో ఇది మామూలే. బతికుండగా కొవ్వొత్తి వెలిగించి ఇంకొకరికి ఇచ్చిన వస్తువు, పోయాక అవతలి లోకంలో మన కోసం సిద్ధంగా ఉంటుంది. ఇవ్వనిది ఉండదు. పోయాక ఎవరో ఇస్తారులే అని కూర్చుంటే ఎలా? వాకిట్లో కుర్చీ, బకెట్టు, కంచాలు, తువ్వాళ్ళు వరసగా పెట్టింది. పుచ్చుకోవడానికి ఇరుగుపొరుగువాళ్ళు వచ్చారు. ఫాదర్ వచ్చి దీవించి వెళ్ళాడు.

"మరి పుస్తకమో?" అన్నాను. "నువ్వు చదివి వినిపించకపోతే అన్నయ్యకి ముద్ద దిగేది కాదు. అక్కడేం చదువుతావు, ఈ పందొమ్మిదా?"

"అక్కడందరూ పోయినవాళ్ళేనే తుదోరా. పరీక్ష రాసేసినవాళ్ళకి పాఠాలెందుకు?"

ఆ ఇంట్లో ఇంకొక్క పుస్తకమే ఉంది. తేనెటీగల పెంపకం. అన్నయ్యది. వదిన చదువుతుంటే ఆయన తేనె వేళ్ళతో పేజీ తిప్పేవాడు. ఆ మరకలు ఇంకా ఉన్నాయి. నాలుగేళ్ళుగా అది వదిన తలగడ కిందే ఉంది. ఇస్తే అక్కడ ఇద్దరికీ ఉంటుంది. కానీ ఇక్కడ అది లేకుండా ఇంకెన్నేళ్ళు పడుకోవాలో ఎవరికి తెలుసు?

వదిన లోపలికెళ్ళి చాలాసేపటికి గానీ రాలేదు. వచ్చాక తేనెపెట్టెలున్న పొరుగింటి పత్రు ముందు నిలబడి, వెలిగించిన కొవ్వొత్తితో పాటు ఆ పుస్తకం అందించింది. "ఇక్కడ నీకు, అక్కడ మా ఇద్దరికీ" అంది.

పత్రు పట్టుకున్నాడు. ఆవిడ వదల్లేదు.

"వదులక్కా, మైనం నా చేతి మీద కారుతోంది!"

"కారనీరా. తేనెటీగలు కుడితే ఓర్చుకోవూ?"

అందరూ నవ్వారు. వదిన కూడా నవ్వింది, ఆ నవ్వులోనే వేళ్ళు వదిలేసింది. నాకు మాత్రం కళ్ళు మండాయి.

తర్వాత క్యాబేజీ ఆకుల్లో చుట్టిన మాంసం కడుపారా తిన్నాం. ప్లమ్ పళ్ళ సారా రెండేసి గ్లాసులు తాగాం. "హమ్మయ్య, పంపేశాను. ప్రాణం తేలికపడిందే" అని వదిన చెప్పులు విప్పి గడ్డిలో కాళ్ళు చాపుకుంది. ఆవిణ్ణి అంత హాయిగా చూసి నాలుగేళ్ళయింది.

గిన్నెలు కడిగి నేను బయల్దేరుతుంటే ఓ సంచీ తెచ్చి నా భుజానికి తగిలించింది. ఆ పందొమ్మిదీ అందులో ఉన్నాయి.

"కొవ్వొత్తేదీ?"

"వీటికెందుకు? ఇవి అవతలికి కాదు. ఇక్కడే చదువుకోవాలి. నాకు అవసరం తీరింది, నీకు పడుతుంది."

"నాకా? మొగుడా పిల్లలా, పోవడానికి నాకెవరున్నారని?"

"నేను లేనూ?" అంది వదిన, సంచీ పట్టీ నా భుజం మీద సర్దుతూ.