పైవాడ ఇళ్లు

బాగా వెనకబడిన తెగకి సర్కారు కట్టించే పక్కా ఇళ్ల జాబితా అధికారి చదివాడు. రెండు వాడలదీ ఒకే తెగ అయినా అన్నీ పైవాడకే. కిందివాడ పేరు ఒక్కటీ లేదు. "అదేంటయ్యా?" అని లేచిన కిందివాడ ముసలాయన్ని బంట్రోతు మెడపట్టి నెట్టాడు. బోర్లా పడ్డాడు, మోకాళ్లు చీరుకుపోయాయి.

కిందివాడలో బుట్టలల్లే అక్క అది కళ్లారా చూసింది. అయినా ఆమె కడుపు మండింది ముసలాయన కోసం కాదు. పైవాడలో కాపురముంటున్న సొంత చెల్లెలి పేరు జాబితాలో వినబడినందుకు.

"ఒక్క కడుపున పుట్టాం. దానికి సిమెంటు గోడలూ, నాకు కారే కప్పూనా?" వెదురు చీలుస్తూ ఏడాదంతా పళ్లు నూరింది. చెల్లెలు రమ్మని కబురు పెడితే, "ఇల్లు చూపించి మురవడానికా?" అని పోలేదు.

ఆ ఇళ్లు కట్టిన కాంట్రాక్టరు ఈ మంట పసిగట్టి ఓ కాగితం పట్టుకొచ్చాడు. "పైవాడవాళ్లు మీ తెగే కాదని వేలిముద్ర వెయ్యక్కా. వాళ్లని ఖాళీ చేయించి నీ చెల్లెలిల్లు నీకే ఇప్పిస్తా."

అక్క వేసింది. వేసి, తనది కాబోయే ఇల్లు చూసుకోవడానికి తిన్నగా పైవాడకి నడిచింది.

తలుపుకి నీలం రంగు, ఇనప గడియ. చూసి మళ్లీ కుళ్లుకుంది. లోపల అడుగుపెడితే సగం కప్పు నేలమీదుంది. చెల్లెలి అత్త కాలికి కట్టుతో మూలుగుతోంది. చెల్లెలు గోడని గోటితో గీరింది. ఇసుక జలజలా రాలింది.

"ఇదే అక్కా మా వైభోగం. కాంట్రాక్టరు మీద అర్జీ పెట్టాం. రేపే విచారణ. మీ వాడ కూడా వచ్చి నిలబడాలనే కబురు మీద కబురు పంపాను."

కాంట్రాక్టరు కాగితం ఎందుకు తెచ్చాడో అక్కకి అప్పుడర్థమైంది. పైవాడవాళ్లు ఆ తెగే కాదంటే వాళ్ల అర్జీ చెల్లదు. పరుగున కిందివాడకొచ్చి, జనాన్ని పోగేసి, చేసిన పని చెప్పేసింది.

"తోడబుట్టినదాని గొంతు కోశావే!" అంటూ ఆ అక్కచెల్లెళ్ల వదిన మీదికొచ్చింది.

"దాన్నొక్కదాన్నే అంటావేం?" ముసలాయన గద్దించాడు. "నన్ను నెట్టినప్పుడు ఒక్కరు లేచారా? పైవాడ మీద ఏడవడంతోనే సరిపోయింది మనకి. రేపు అందరం లేద్దాం."

మర్నాడు విచారణకి రెండు వాడలూ కదిలొచ్చాయి. అధికారి కాగితం ఎత్తి చూపించాడు.

"ఈ వేలిముద్ర నీదేనా?"

"నాదే. కుళ్లుతో అబద్ధం చెప్పాను. అది నా చెల్లెలు. అది ఈ తెగ కాకపోతే నేనెవర్ని?"

"తప్పుడు సాక్ష్యానికి జైలే!"

"పద. ఇసుక గోడలు కట్టినవాణ్ణి కూడా జీపెక్కించు."

పోలీసులు ఆమె ఒక్కదాన్నే జీపెక్కించారు. జీపు కదల్లేదు. ముందు చెల్లెలు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పక్కన ముసలాయన, వదిన, వాళ్ల వెనక రెండు వాడల జనం.

"లేవండి! ఎవరిళ్లకి వాళ్లు పొండి!" అధికారి అరిచాడు.

"ఏ ఇళ్లకి?" అన్నారు అందరూ.