కెమెరా ముందు నుంచి లేచినందుకు

విద్యార్థి సంఘాల బంద్ రోజున యూనివర్సిటీ తన పరీక్షలన్నీ వాయిదా వేసింది. నా భార్య గ్రేస్ పరీక్ష మాత్రం ఆగలేదు. ఆమె డిగ్రీ పేరుకే యూనివర్సిటీది. పాఠాలు, ఫీజులు, పరీక్షలు అన్నీ ఒక కంపెనీ చేతిలో ఉండేవి. "ఆన్‌లైన్‌కు బంద్ ఏమిటండీ?" అని కంపెనీవాళ్లు బెంగళూరు నుంచి ఫోన్లో నవ్వారు.

గ్రేస్ నర్సు. రోగులను ఎత్తి ఎత్తి నడుము పోయింది. ఆసుపత్రి నిర్వహణలో ఈ డిగ్రీ వస్తే ఆఫీసులో ఉద్యోగం ఇస్తామన్నారు. ఇదే ఆఖరి పేపరు. కూకట్‌పల్లి నుంచి సందుల్లో స్కూటరు నడిపి మదీనాగూడలో కంపెనీ పెట్టిన పరీక్షా సెంటర్‌కు తీసుకెళ్లాను. ఇద్దరం ప్రార్థన చేసుకున్నాక ఆమె లోపల కూర్చుంది. పరీక్ష అయ్యేదాకా కంప్యూటరు కెమెరాకు ముఖం కనబడాలి. సీటు వదిలితే ఫెయిల్.

నేను గాజు తలుపు దగ్గర వాచ్‌మన్ మొగిలి పక్కన కూర్చున్నాను. కాసేపటికే కర్రలతో గుంపు వచ్చింది. ముందున్నవాడు వేణు, ఖాజాగూడ కుర్రాడు. గ్రేస్‌తో పాటే చదువుతున్నాడు. నోట్సు కోసం మా ఇంటికొచ్చి అన్నం కూడా తిన్నాడు.

"లోపట పరీక్ష నడుస్తుందా కాకా?" అన్నాడు.

"నడుస్తుంది బిడ్డా. నువ్వు గూడ రాసేటోనివే గదా. పోయి కూసో," అన్నాడు మొగిలి.

"మా దోస్తులు లాఠీదెబ్బలు తిని దవాఖానల పడ్డరు. వాళ్లెట్ల రాస్తరు? రాస్తె అందరం రాయాలె, లేకుంటె ఎవ్వరొద్దు. షట్టర్ గుంజు."

"నా నౌకరీ పోతది రా."

"గా కంపెనీకి కాపలా కుక్కవైనవా ముసలోడా?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

ఒక రాయి తలుపును పగలగొట్టింది. మొగిలి చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు. వేణు కర్ర లేచింది. తలుపును కొట్టబోయాడో, మనిషినో నాకు ఇప్పటికీ తెలియదు. నెత్తి పగిలి ముసలాయన గాజుపెంకుల మీద పడ్డాడు. ఒక పెంకు మెడలో దిగింది. గుంపు ఆయన్ని తొక్కుకుంటూ లోపలికి పోయింది. ఎవరో నా డొక్కలో తన్నారు. పాక్కుంటూ వెళ్లి ఆయన మెడ అదిమాను. వేళ్ల సందుల్లోంచి నెత్తురు చిమ్ముతూనే ఉంది.

గ్రేస్ వెనక్కి తిరిగి చూసింది. "మేడమ్, స్క్రీన్ వైపు చూడండి. సీటు వదలకండి," అని కెమెరాలో చూస్తున్న కంపెనీ మనిషి గొంతు స్పీకరులో అంటోంది.

"నువ్వు రాయి గ్రేస్, నేను చూసుకుంటాను!" అని అరిచాను.

ఆమె లేచి పరుగెత్తుకొచ్చింది. చున్నీ ఉండచుట్టి మెడకు అదిమింది. "వేణూ, ఆ కర్ర పారేయ్. ఇక్కడ నొక్కు. వదిలావంటే చచ్చిపోతాడు!"

తలుపు దగ్గరే నిలిచిపోయిన వేణు కర్ర పారేసి, మోకాళ్ల మీద కూర్చుని నొక్కాడు. ఆమె నెత్తికి కట్టు కట్టింది. ఆ తర్వాతే లోపల కంప్యూటర్లు పగలడం మొదలైంది. ఒక అబ్బాయి ముఖాన్ని కీబోర్డుతో బాదారు. ఒక అమ్మాయిని జుట్టు పట్టి బయటికి ఈడ్చారు.

మొగిలి బతికాడు. కంప్యూటర్లు పగిలేదాకా సీట్లో ఉన్నవాళ్లందరికీ పరీక్ష మళ్లీ పెడతామని కంపెనీ ప్రకటించింది. గ్రేస్ అంతకు ముందే లేచింది కాబట్టి ఫెయిల్. యూనివర్సిటీకి పోతే కంపెనీని అడగమన్నారు. కంపెనీని అడిగితే అది యూనివర్సిటీ నియమమన్నారు.

చివరికి కంపెనీ మేనేజరే ఫోన్ చేశాడు. "మిమ్మల్ని సీట్లోంచి ఈడ్చేశారని ఒక్క మాట రాసివ్వండి మేడమ్. ఎవరు ఈడ్చారో పేరు కూడా. ఆ గుంపు మీద మా కేసు గట్టిగా నిలబడుతుంది, మీకు పరీక్షా పెట్టేస్తాం."

"రాసెయ్యి. ఆ వేణు కొట్టింది నిజమే కదా," అన్నాను మెల్లగా.

"కొట్టాడని పోలీసులకు చెప్పానండీ. నన్ను ఈడ్వలేదు కదా." ఫోను దగ్గరికి తీసుకుని, "నన్నెవరూ లాగలేదు సార్. నేనే లేచాను," అంది.

ఎందుకు లేచారని ఆయన అడగలేదు. ఫోన్ పెట్టేశాడు.

ఆ సాయంత్రం గ్రేస్ నడుముకు బెల్టు బిగించుకుని డ్యూటీకి బయల్దేరింది. నిజం చెప్పిన మనిషికే ఈ శిక్ష ఏమిటి ప్రభువా అని అడుగుతూనే నేను స్కూటరు తీశాను.