కడ్డీ బూట్లు

ఆసుపత్రిలో అతన్ని అందరూ కట్ల మేస్త్రి అంటారు. వంకర పాదాలతో పుట్టిన పసివాళ్ళకు వారం వారం పిండికట్లు వేసి, పాదాన్ని కొద్దికొద్దిగా దారిలోకి తేవడం అతని పని. చీలమండ ముందు, బయటి వైపు ఉబ్బెత్తుగా తగిలే ఎముక మీద బొటనవేలు ఆనించి, దాని ఆసరాతో మిగతా పాదాన్ని తిప్పాలి. మొరటుగా నొక్కితే పాడవుతుంది. ఆ ఒడుపు మేస్త్రికి వెన్నతో పెట్టిన విద్య.

కట్లు అయ్యాకే అసలు గండం. కడ్డీకి బిగించిన రెండు బూట్లను నాలుగేళ్ళు నిండేదాకా పడుకున్నప్పుడల్లా తొడగాలి. మానేస్తే పాదం మళ్ళీ పాత వంకరే పడుతుంది. పిల్ల ఏడుస్తోందని విప్పేసి, రోజూ వేస్తున్నామని బుకాయించే తల్లులంటే అతనికి ఒళ్ళు మంట. "తల్లుల మాట నమ్మకండి సార్" అని కొత్త డాక్టర్లందరికీ నూరిపోసింది అతనే.

ఇవాళ బల్ల మీద కూర్చున్నది అతని మనవరాలు బుడ్డి. మూడేళ్ళది. పుట్టుకతో వంకరైతే అతనే కట్లు వేసి సరిచేసిన పాదం, ఇప్పుడు నిలబెడితే కుడి మడమ నేలకు ఆనడం లేదు.

"బూట్లు సరిగ్గా వేయలేదు కదమ్మా?" అన్నాడు డాక్టరు.

"ఒక్కరోజు కూడా మానలేదు సార్. నేనే తొడిగి మా నాన్న పక్కన పడుకోబెడతాను" అంది మేస్త్రి కూతురు.

డాక్టరు నవ్వాడు. "అందరూ ఇదే చెప్తారు. కావాలంటే మీ నాన్నని అడగండి."

కూతురి ముఖం కందిపోయింది. మేస్త్రి పిల్ల మడమ కేసి చూశాడు. ఊరుకుంటే గడిచిపోతుంది, ఆమె మాట ఎలాగూ ఎవరూ నమ్మరు.

"అమ్మాయి నిజమే చెప్తోంది సార్" అన్నాడు చివరికి. "రాత్రిళ్ళు బుడ్డి ఏడుస్తుంటే చూడలేక నేనే విప్పేవాణ్ణి. తెల్లారేలోగా మళ్ళీ తొడిగేవాణ్ణి."

"ఎన్నాళ్ళ నుంచి?" అంది కూతురు.

"ఆరు నెలలు."

"లోకంలో తల్లులందర్నీ తిట్టావే నాన్నా!" ఆమె కళ్ళు తుడుచుకుంది. "మళ్ళీ కట్లు తప్పవుగా, అవీ నువ్వే వెయ్యి. నీ అంత బాగా ఎవరూ వెయ్యలేరు. ఇకమీదట మాత్రం పిల్ల నా దగ్గరే పడుకుంటుంది."

మేస్త్రి పిండిపట్టీని నీళ్ళలో ముంచి పిండాడు. ముద్దు చేసి పిల్ల కాలు తనే పాడు చేశాడు. ఆ సంగతి గుండెల్లో గునపంలా దిగింది. ఎముక మీద బొటనవేలు ఆనించి పాదాన్ని మెల్లగా తిప్పాడు.

బుడ్డి అతని చెవి దగ్గర మూతి పెట్టింది. "తాతా, అమ్మ పడుకున్నాక ఇది కూడా విప్పేస్తావు కదూ?"

"విప్పను తల్లీ."

బుడ్డి బిత్తరపోయి చూసింది. తర్వాత గుక్కపట్టి ఏడుస్తూ కాలు వెనక్కి లాక్కోబోయింది. అతను వదల్లేదు.