విశ్రాంతి ఇచ్చిన ముక్కలు

ఆ ల్యాబులో ఆమెను అందరూ పగుళ్లక్క అనేవారు. పద్దెనిమిదేళ్లుగా చేస్తున్న పని ఒక్కటే. టర్బైన్ చక్రాలకు వాడే నికెల్ మిశ్రలోహం ముక్కను ఏడు వందల డిగ్రీల కొలిమిలో పెట్టి, లాగి వదులుతూ, మళ్లీ లాగి వదులుతూ, అందులోని పగులు రోజుకు ఎంత పాకిందో కొలవడం. ఆ లెక్కను బట్టే విద్యుత్ కేంద్రంలో ఏ చక్రం ఎన్నాళ్లు తిరగొచ్చో చెబుతారు. ఇంట్లో గోడ బీటవారినా ముందు స్కేలు పట్టుకొస్తుందని భర్త ఏడిపించేవాడు. ఆయన విద్యుత్ కేంద్రంలో ఆపరేటరు. ఒకటో టర్బైన్ పక్కనే ఆయన కుర్చీ.

సోమవారం పొద్దున ఆమె వచ్చేసరికి కొత్త యంత్రంలోని ముక్క విరిగిపోయి ఉంది. పెట్టి పదకొండు రోజులే. తొమ్మిదేళ్ల క్రితం ఒకటో టర్బైన్ కోసం పరీక్షించినప్పుడు ఇదే లోహం, ఇదే వేడిలో, పాత యంత్రం మీద నాలుగు నెలలు నిలిచింది. యంత్రం చెడి ఉంటుందని ఆశపడి అన్నీ తిరగేసింది. యంత్రం నిక్షేపంగా ఉంది. ఆమె పాత పరీక్షల పుస్తకం తీసి తెరిచింది.

నియమం ప్రకారం సాయంత్రం వెళ్లేటప్పుడు ముక్కను బరువుతో లాగి పట్టే ఉంచాలి. అసలు చక్రం అలాగే గంటల తరబడి లాగుడులో తిరుగుతుంది మరి. పాత యంత్రం మీద అలవాటు వేరు. ఎవరూ లేనప్పుడు విరిగితే కొలిమి దెబ్బతింటుందని బరువు దించేసి పోయేవారు. పోనుపోను అది 'పాపం, దానికీ కాస్త విశ్రాంతి' అనే వేళాకోళమైంది. పుస్తకంలో మాత్రం బరువు ఉంచినట్టే టిక్కు. విశ్రాంతి ఇస్తే ఏం కొంప మునుగుతుందనుకున్నారు ఆ మహానుభావులు. మునిగేది అక్కడే. ఆ వేడిలో లాగి పట్టినంతసేపూ గాలి పగులు మొనలోకి దూరి, లోహపు రేణువుల మధ్య పట్టును తినేస్తుంది. బరువు దించితే ఆ తినడం ఆగి, ముక్క తనకు లేని ఆయుష్షు చూపిస్తుంది. కొత్త యంత్రం కంప్యూటరు చెప్పినట్టు వింటుంది, దానికి జాలి తెలియదు.

పెద్దసారు గదిలోకి వెళ్లి నిలబడింది.

"సార్, ఒకటో టర్బైన్ చక్రానికి మనమిచ్చిన ఆయుష్షు తప్పు. సాయంత్రాలు బరువు దించేశాను."

పెద్దసారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఆ ఒక్కదానికేనా అమ్మాయ్?"

నిజం చెప్పాలనే ఆమె నోరు తెరిచింది. పద్దెనిమిదేళ్ల పుస్తకాలు, తనకు పని నేర్పి రిటైరైన వాళ్ల ముఖాలు, అన్నీ ఒక్కసారే కళ్ల ముందు తిరిగాయి.

"ఒక్కదానికే సార్."

ఆయన వెంటనే ఫోన్ చేసి టర్బైన్ ఆపించాడు. గురువారానికి చక్రం విప్పి చూస్తే బొటనవేలి గోరంత పగులు దొరికింది. ఇంకొన్ని వారాలు తిరిగి ఉంటే చక్రం ముక్కలై, టర్బైన్ గదిలో ఎవరూ మిగిలేవారు కాదట. పెద్దసారు అందరినీ పిలిచి, తప్పు ఒప్పుకోవడానికి గుండె కావాలని ఆమెను మెచ్చుకున్నాడు. చప్పట్లు కొట్టారు. ఆమెకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. రేపు చెప్పేస్తాను, మిగతావాటి సంగతి రేపు తప్పకుండా చెప్పేస్తాను అనుకుంటూ ఇల్లు చేరింది.

భర్త అప్పటికే వచ్చి, ఈల వేసుకుంటూ కంచం పెట్టుకుంటున్నాడు.

"మా వాళ్లంతా నీ గురించే మాట్లాడుకుంటున్నారు తెలుసా? మీ ఆవిడ చలవ వల్లే బతికి ఉన్నామన్నారు."

ఆమె అన్నం వడ్డించింది.

"ఒకటోది ఎటూ ఆపేశారుగా, నన్ను మూడో టర్బైన్ దగ్గరికి మార్చారు. ఇవాళంతా అక్కడే కూర్చున్నా. ఏసీ కూడా చల్లగా ఉంది."

గరిటె ఆమె చేతిలోనే ఆగిపోయింది. మూడోదాని కోసం పరీక్షించిన ముక్క పాత యంత్రం మీద ఐదు నెలలు నిలిచింది. రోజూ సాయంత్రం బరువు దించింది తనే.

"రేపు పనికి వెళ్లకండి," అంది.

"ఎందుకూ?"

"అదీ నేనే పరీక్ష చేశాను."

ఆయన ముద్ద నోటి దాకా తెచ్చి ఆపాడు. "సోమవారం చెప్పలేదే?"

"లేదు."

"ఇవాళ పొద్దున నేను బయల్దేరేటప్పుడూ చెప్పలేదు."

ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన ముద్దను కంచంలో పెట్టేసి, చేయి కడుక్కుని, షిఫ్టులో ఉన్న తన స్నేహితుడికి ఫోన్ కలిపాడు. అటు రింగవుతూనే ఉంది, ఎవరూ ఎత్తడం లేదు.